చివరి పడవ వెళ్ళిపోయాక: చిన్న ద్వీపానికి కాపురం మార్చిన ఒక కుటుంబం కేస్ స్టడీ

నేను ఒడిశాలోని బరంపురంలో ఫ్యామిలీ కౌన్సెలింగ్ చేస్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది గంజాం, గజపతి జిల్లాల తెలుగువాళ్ళు, ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాట్లాడేవాళ్ళు. ఈ కేసు రాయడానికి కారణం ఉంది. "కొత్త చోట ఒంటరిగా ఉంది కదా, అందుకే దిగులు" అని ఇంటిల్లిపాదీ నమ్మారు, ఆ అమ్మాయి కూడా నమ్మింది. అసలు సంగతి వేరే. అది బయటపడేదాకా ఎవరు ఏం చేసినా ఫలితం కనిపించలేదు. ఉద్యోగాల కోసం దూరప్రాంతాలకు వెళ్ళే చిన్న కుటుంబాలతో పనిచేసేవాళ్ళకి ఇది పనికొస్తుందని నా నమ్మకం. భార్యాభర్తలిద్దరూ చదివి సరేనన్నాకే రాస్తున్నాను. పేర్లు మార్చాను, భర్త ఏ శాఖలో పనిచేస్తాడో, అది ఏ ద్వీపమో చెప్పను, ఇంకొన్ని వివరాలు కావాలనే అటూ ఇటూ చేశాను.

నేపథ్యం

అమ్మాయిని గౌరి అందాం, 27 ఏళ్ళు. భర్త భాస్కర్‌కి 31. బాబు నానికి అప్పటికి రెండున్నర. గౌరి పుట్టిందీ పెరిగిందీ బరంపురంలోనే, అత్తవారిల్లు కూడా పుట్టింటికి రెండు వీధుల అవతల. అంటే పెళ్ళయినా ఆమెకి ఊరు మారలేదు, పాలవాడు కూడా మారలేదు. తల్లి రోజూ పొద్దున వచ్చి మనవడికి స్నానం చేయించి వెళ్ళేది. అలాంటి ఇంట్లోంచి భాస్కర్‌కి అండమాన్ పోస్టింగ్ పడింది. పోర్ట్ బ్లెయిర్ అయితే సగం బాధ తప్పేది. 2024లో దానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు గాని వీళ్ళింట్లో ఇప్పటికీ పోర్ట్ బ్లెయిరే. పోస్టింగ్ అక్కడ కాదు, అక్కడి నుంచి పడవలో రెండు గంటలకు పైగా వెళ్ళాల్సిన చిన్న ద్వీపంలో. స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ తెలుసు కదా, 2018 దాకా హేవలాక్, నీల్ అనేవాళ్ళు, అలాంటిదే ఒకటి అనుకోండి.

సెలవులకి వెళ్ళి చూసే ద్వీపం వేరు, కాపురం చేసే ద్వీపం వేరు. వీళ్ళు వెళ్ళింది మే నెలలో. నైరుతి రుతుపవనాలు కేరళ కంటే ముందు అండమాన్‌నే తాకుతాయి, మే మూడో వారానికల్లా వాన మొదలు. ఏడాదికి దాదాపు 3000 మిల్లీమీటర్లు పడుతుంది, మన గంజాంలో పడేదానికి రెట్టింపు కంటే ఎక్కువ. క్వార్టర్లో తలుపులు ఉబ్బిపోయి మూసుకునేవి కావు, నాని బట్టలు ఆరేవి కావు, కొత్త గ్యాస్ స్టవ్ ఉప్పు గాలికి కొద్ది వారాల్లోనే తుప్పు పట్టింది. పాలంటే పొడి డబ్బా, లేకపోతే అట్టపెట్టె పాలు. వంకాయ, గుమ్మడి, చేప దొరికేవి, మిగతావి పడవ వస్తేనే. ఒడ్డున ఆడుకుంటే ఇసుకలో ఉండే చిన్న ఈగలు కుట్టి నాని కాళ్ళు దద్దుర్లతో నిండిపోయేవి, గోకి గోకి పుండ్లు చేసుకునేవాడు.

ఇంకోటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. అండమాన్ మనకంటే బాగా తూర్పున ఉంది, గడియారం మాత్రం దేశమంతటికీ ఒకటే. జూన్‌లో అక్కడ అయిదు కొట్టకముందే తెల్లారిపోతుంది, సాయంత్రం ఆరు కాకముందే పొద్దు గుంకిపోతుంది. అదే నెలలో బరంపురంలో ఆరున్నర దాకా వెలుతురు ఉంటుంది. పిల్లాడు నాలుగున్నరకే లేచి కూర్చునేవాడు, మధ్యాహ్నానికి చిరాకు, రాత్రి అన్నం ముందు పెట్టేసరికి కునికిపాట్లు.

ఏ బాధతో వచ్చారు

మొదటి ఫోను గౌరి తల్లి నుంచి. "సాయంత్రమైతే చాలు, ఫోన్లో ఏడుపే మేడమ్. బాబు తిండి మానేశాడంట. తెచ్చేసుకుందామంటే అల్లుడు ఊఁ అనడు. మీరైనా ఒక మాట చెప్పండి ఆయనకి." ఆవిడ నన్ను పిలిచింది అల్లుడికి చెప్పించడానికి. అది నేను ఒప్పుకోలేదు. తల్లి మాట మీద అల్లుడితో మాట్లాడితే, ఆ క్షణం నుంచి నేను పుట్టింటివారి మనిషినైపోతాను, ఆ తర్వాత అతను నాకు నిజం చెప్పడు. గౌరే నాతో మాట్లాడాలని, తనకు ఇష్టమైతేనే మాట్లాడాలని చెప్పాను. ఆమె చేసింది. తర్వాత భాస్కర్‌తో విడిగా మాట్లాడాను.

వీడియో పెట్టుకోలేదు, వట్టి ఫోనే. నెట్‌వర్క్ మధ్యలో పోయే చోట, ముఖం తెర మీద బిగుసుకుపోతే అవతలి మనిషికి టెన్షన్ పెరుగుతుంది, గొంతు తెగితే మళ్ళీ కలుపుకోవచ్చు. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక పోర్ట్ బ్లెయిర్‌లో ఇంటర్నెట్ బాగుపడింది, చిన్న ద్వీపంలో వాన పట్టిన రోజు సంగతి వేరే.

డిప్రెషన్ ఉందేమో చూడటం మొదటి పని. నిద్ర, ఆకలి, ఆసక్తి, తన మీద తనకున్న అభిప్రాయం, అన్నీ అడిగాను, తొమ్మిది ప్రశ్నల పట్టిక తెలుగులో చదివి వినిపించాను. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది అనుకుంటారు, పుట్టదు. లేదంది. అయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 రాయించాను, ఏ రాత్రయినా పలుకుతారని. ఇంట్లో తాగుడు, చేయి చేసుకోవడం ఉన్నాయా అని కూడా విడిగా అడిగాను, లేవు. అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష చేయించుకోమన్నాను, రక్తం కొంచెం తక్కువని తేలింది, మాత్రలిచ్చారు. నాని బరువు వయసుకి తగ్గట్టే ఉంది. మానేశాడన్న తిండి నిజానికి రాత్రి తిండి ఒక్కటే, అది నిద్ర వేళల గొడవ. కిటికీకి మందపాటి దుప్పటి కట్టి, రాత్రి అన్నం ఆరింటికే పెట్టమంటే కొద్ది రోజుల్లో సర్దుకుంది.

పిల్లాడి సంగతి తేలింది, తల్లి సంగతి తేలలేదు. దిగులు ఉంది, జబ్బు అనేంత లేదు. పగలు బాగానే ఉంటుంది, వండుతుంది, ఉతుకుతుంది, పిల్లాడితో ఆడుతుంది. సాయంత్రం నుంచి గుండె దడ, ఏడుపు, ఎవరో ఒకరితో ఫోన్లో ఉండాల్సిందే. భర్తకి నైట్ షిఫ్ట్ పడిన రాత్రి అసలు పడుకోదు.

ఏమేం చేశారు, ఎందుకు కుదరలేదు

నేను రాకముందు ఇంట్లోవాళ్ళు చేసినవి రెండు. ఒకటి, సాయంత్రం నుంచి పడుకునేదాకా వీడియో కాల్. తల్లి, అత్తగారు, చెల్లెలు వంతులు వేసుకుని మాట్లాడేవారు. ఎంత ప్రేమతో చేశారో నాకు తెలుసు, కాని దాంతో గౌరి వంటింట్లో నిలబడి బరంపురంలో బతకడం మొదలుపెట్టింది, పక్కింటివాళ్ళ పేరు కూడా తెలుసుకోలేదు. పైగా కాల్ తెగిన ప్రతిసారీ ఇటు తల్లికి కంగారు, అటు కూతురికి కంగారు. రెండోది పార్శిళ్ళు. అప్పడాలు, ఊరగాయలు, మరమరాలు, పప్పులు పెట్టెల్లో కట్టి పంపేవారు. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ఓడ ఎప్పుడో గాని ఉండదు, ఎక్కితే రెండున్నర రోజుల ప్రయాణం. అక్కడి నుంచి చిన్న పడవ. సముద్రం బాగోలేదని పడవలు ఆపితే పెట్టె అక్కడే. అది చేరేసరికి అప్పడాలు మెత్తబడి ఉండేవి. పెట్టె కోసం ఎదురుచూడటంతో అక్కడ దొరికేదాంతో వండుకోవడం వాయిదా పడింది, అదే అసలు నష్టం.

భాస్కర్ ధోరణి వేరు. "అలవాటైపోతుంది మేడమ్, అందరూ ఉంటున్నారుగా" అనేవాడు. కటువుగా ఏమీ అనలేదు, తనే తీసుకొచ్చి పడేశానన్న బాధ గొంతులో తెలిసేది. పడవలు రద్దయిన రోజు ఆ సంగతి గౌరికి చెప్పేవాడు కాదు, కంగారు పడుతుందని. ఆమె పిల్లాణ్ణి ఎత్తుకుని జెట్టీ దాకా వెళ్ళి చూసొచ్చేది. ఆ సంగతి అతనికి తెలియదు.

మేం మొదట వేసుకున్న ప్లాన్ మామూలుగా ఇలాంటి కేసుల్లో వేసేదే. సాయంత్రం కష్టంగా ఉంది కాబట్టి సాయంత్రాన్ని మనుషులతో, పనితో నింపాలి. పక్క క్వార్టర్లో ఒక బెంగాలీ కుటుంబం ఉంది, ఆ ఇంటావిడని గౌరి దీదీ అంటుంది. అక్కడి చిన్న ద్వీపాల్లో చాలామంది దేశవిభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ పిల్లలు, మనవలు. తెలుగువాళ్ళు అండమాన్‌లో తక్కువేమీ కాదు, 2011 జనాభా లెక్కల్లో దాదాపు 13 శాతం, కాని ఎక్కువమంది పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కలే. ఈ ద్వీపంలో గౌరికి తెలుగులో పలకరించేవాళ్ళు భర్త తప్ప లేరు. అయితే ఆమెకి ఒడియా వచ్చు. ఒడియా వచ్చినవాళ్ళకి బెంగాలీ వింటే సగం అర్థమైపోతుంది. నువ్వు ఒడియాలో మాట్లాడు, ఆవిడ బెంగాలీలో మాట్లాడుతుంది, నడుస్తుంది అన్నాను. నడిచింది కూడా. సాయంత్రం నాలుగున్నరకి ఇద్దరూ పిల్లల్ని తీసుకుని ఒడ్డుకి వెళ్ళడం, అంగన్‌వాడీలో నాని పేరు రాయించడం, వారంలో రెండు రోజులు ఆవిడ దగ్గర చేప వంట నేర్చుకోవడం.

చెప్పినవన్నీ చేసింది. దడ తగ్గలేదు. "అందరూ ఉంటున్నారు మేడమ్, దీదీ మంచిది, పిల్లలు ఆడుకుంటారు. నాకు మాత్రం లోపల కాలుతూనే ఉంటది" అంది.

ఈ మాట దగ్గర నేను ఆగాను. ఒంటరితనమే అయితే పక్కన మనిషి కూర్చున్నప్పుడు ఎంతో కొంత తగ్గాలి. ఇక్కడ రవ్వంత కూడా తగ్గలేదు. అంటే మందు చాలలేదని కాదు, జబ్బు వేరే అని. ఇలాంటప్పుడు అదే ప్లాన్‌ని ఇంకా గట్టిగా అమలు చేయించాలన్న ఒత్తిడి ఉంటుంది, క్లయింటు "సరిగ్గా చేయడం లేదేమో" అనిపిస్తుంది. గౌరి సరిగ్గానే చేసింది.

గంట గంటకీ

ఒక మామూలు రోజు నాకు పొద్దున్నుంచి రాత్రి దాకా, గంట గంటకీ చెప్పమన్నాను. మనసులో ఏముందని అడగలేదు, చేతులు ఏం చేస్తున్నాయో చెప్పమన్నాను. భావాలు అడిగితే మనుషులు తాము ఇప్పటికే నమ్మిన కథ చెబుతారు. చేతులు ఏం చేశాయో అడిగితే ఆ కథలో పట్టనివి బయటికొస్తాయి.

నాలుగు దాటాక చివరి పడవ బయల్దేరుతుంది, హారన్ ఇంటికి వినిపిస్తుంది, అంది. ఆ తర్వాత? "థర్మామీటర్ పెడతాను." ఎవరికి? "నానికి." జ్వరమా? "లేదు." ఎన్నిసార్లు పెడతావు? కొంచెం సేపు పలకలేదు. హారన్ విన్నాక ఒకసారి, ఒడ్డు నుంచి వచ్చాక ఒకసారి, అన్నం ముందు, పడుకోబెట్టాక, అర్ధరాత్రి లేచి మళ్ళీ. 99 చూపిస్తే పారాసిటమాల్ సిరప్ పోసేస్తుంది. ఒడ్డున దీదీతో మాట్లాడుతున్నప్పుడు కూడా ఒక చెయ్యి పిల్లాడి నుదుటి మీదే. థర్మామీటర్ పర్సులో, జెట్టీకి వెళ్ళినా పర్సులోనే. పడవలు రద్దయిన రోజు ఈ తంతు పొద్దుటి నుంచే మొదలవుతుంది. సాయంత్రం బాధ అని అందరం అనుకున్నది సూర్యుడిని బట్టి రావడం లేదు, పడవని బట్టి వస్తోంది.

"పడవ వెళ్ళిపోతే ఏమవుతుందని భయం గౌరీ?"

"మళ్ళీ వస్తే ఎలా తీసుకెళ్ళాలి?"

"ఏది వస్తే?"

అప్పుడు చెప్పింది. నానికి పద్నాలుగో నెలలో బరంపురంలో జ్వరంతో ఫిట్స్ వచ్చాయి. కళ్ళు పైకి తేలేసి, ఒళ్ళు బిగుసుకుపోయి, పెదాలు నల్లబడ్డాయట. భాస్కర్ ఊళ్ళో లేడు. అత్తగారు పిల్లాడి చేతిలో ఇనుప తాళం చెవి పెట్టి, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టారు, ఎవరో ఆటో పిలిచారు, పావుగంటలో ఆసుపత్రిలో ఉన్నారు. ఆసుపత్రికి చేరేసరికే ఫిట్స్ ఆగిపోయాయి, రెండు రోజులుంచి పంపించేశారు. ఇంట్లో అందరూ "గండం గడిచింది" అనుకుని ఆ మాట ఎత్తడం మానేశారు. నేను మొదట్లో పిల్లాడి ఆరోగ్యం గురించి అడిగినప్పుడు తల్లీ చెప్పలేదు, కూతురూ చెప్పలేదు, దాచాలని కాదు, ఇంట్లో ఆ సంగతి మాట్లాడకూడదన్నది అలవాటైపోయింది. గౌరి మనసులో మిగిలింది ఒక్కటే: పావుగంటలో ఆసుపత్రికి చేరాం కాబట్టి బతికాడు. ద్వీపంలో చివరి పడవ వెళ్ళిపోయాక ఆ పావుగంట లేదు. ఆమె లెక్కలో తప్పు ఉంది గాని, పిచ్చి లేదు. ఆ లెక్క ప్రకారం చూస్తే ఆమె చేసినవన్నీ అర్థవంతమైనవే.

ఏది పనిచేసింది

ఇక్కడ సులువైన దారి ఒకటి కనిపిస్తుంది, "ఏమీ కాదులే" అని ధైర్యం చెప్పడం. అది వద్దనుకున్నాను. మళ్ళీ రావచ్చు కాబట్టి. వస్తే నా మాట అబద్ధమైపోతుంది, ఆపైన ఎవరి మాటా ఆమె నమ్మదు. నేను డాక్టర్ని కాదు. అప్పట్లో నానికి వైద్యం చేసిన పిల్లల డాక్టర్‌తో ముగ్గురం కలిసి ఫోన్లో మాట్లాడేలా ఏర్పాటు చేశాను, భాస్కర్ తప్పకుండా ఉండాలని పట్టుబట్టాను. ఆ రోజు ఊళ్ళో లేనివాడు ఈసారి వినాలి.

డాక్టర్ చెప్పింది ఇదీ. జ్వరం ఫిట్స్ ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో వస్తాయి. ఒకసారి వచ్చినవాళ్ళలో సుమారు ముగ్గురిలో ఒకరికి మళ్ళీ వస్తాయి. చాలావరకు కొద్ది నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి, అలాంటి మామూలు జ్వరం ఫిట్స్‌తో మెదడు దెబ్బతినదు. ముందే పారాసిటమాల్ పోసినా ఫిట్స్ రాకుండా ఆగవు, ఆ మందు పిల్లాడి ఒళ్ళు నొప్పులు, చిరాకు తగ్గడానికి మాత్రమే. ఫిట్స్ వస్తే నేల మీద పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, గట్టిగా పట్టుకోకూడదు, టైము చూడాలి. అయిదు నిమిషాలు దాటితే ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే, దాని మోతాదు పిల్లాడి బరువును బట్టి తనే రాసిచ్చారు. ఆగిపోయినా ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళి జ్వరం ఎందుకొచ్చిందో చూపించుకోవాలి.

గౌరి ఒకే ప్రశ్న అడిగింది, "అయితే ఆ రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళకపోయినా ఆగేవా?" ఆగేవన్నారాయన. ఆమె ఇంకేమీ మాట్లాడలేదు. రెండేళ్ళ వయసు కూడా దాటని ఆ జ్ఞాపకంలో ఆ పావుగంట ఎంత బరువు మోసిందో అప్పుడు నాకు తెలిసింది.

విని తెలుసుకుంటే చాలదు, రాత్రి పూట చేతులకి పని తెలియాలి. ఆ చీటీ పట్టుకుని ఇద్దరూ అక్కడి ఆరోగ్య కేంద్రం డాక్టర్ని కలిశారు. రాత్రి ఎవరుంటారు, ఆక్సిజన్ ఉందా, ఏ మందులున్నాయి, పోర్ట్ బ్లెయిర్‌లోని జి.బి. పంత్ ఆసుపత్రికి పంపాల్సి వస్తే ఆ నిర్ణయం ఎవరిది అని అడిగి రాసుకోమన్నాను. రోగిని తరలించడానికి పడవో హెలికాప్టరో ఏర్పాటు చేయించాల్సింది డాక్టరు, తల్లిదండ్రులు కాదు. ఇది తెలియడం గౌరికి పెద్ద ఊరట, ఎందుకంటే అర్ధరాత్రి పడవ తను వెతకాలని ఆమె ఇన్నాళ్ళూ అనుకుంటోంది. క్వార్టర్ నుంచి ఆరోగ్య కేంద్రానికి చీకట్లో ఒకసారి నడిచి చూసుకోమన్నాను, టార్చితో, నానిని భాస్కర్ ఎత్తుకుని. పక్కింటి దీదీ భర్తకి బండి ఉంది, ఏ వేళయినా తలుపు కొట్టమన్నాడు.

తర్వాత రిహార్సల్. నాని నిద్రపోయాక వంటింటి నేల మీద ఒక దిండుని పిల్లాడనుకుని. గౌరి పక్కకి తిప్పడం, భాస్కర్ ఫోన్లో టైము చూడటం, దీదీ తలుపు దగ్గర నిలబడి బండికి కబురు చేయడం. తర్వాత భాస్కర్ లేడనుకుని మళ్ళీ. మొదటిసారి గౌరి దిండుని ఒళ్ళోకి లాక్కుని ఏడ్చేసిందట, ఆపకుండా మళ్ళీ చేయించమన్నాను. చేయవలసినవి ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ఫ్రిజ్ మీద అంటించారు, దీదీ కూతురు దానికింద బెంగాలీలో రాసింది. ఇలా భయాన్ని ఎదురుగా పెట్టుకుని ఆడి చూడమనడం క్రూరంగా కనిపించవచ్చు. ఆమె ఆ దృశ్యాన్ని రోజూ రాత్రి తలలో ఒంటరిగా ఆడుకుంటూనే ఉంది, ముగింపు లేకుండా. మేం చేసిందల్లా దానికి ముగింపు రాసి, పక్కన ఇద్దర్ని నిలబెట్టడం.

థర్మామీటర్ని ఒకేసారి మాన్పించలేదు. మాన్పిస్తే చెయ్యి నుదుటికి పోతుంది, తేడా ఏముంది. ముందు పర్సులోంచి తీసి అలమరా పై అరలో పెట్టారు. ఒళ్ళు వేడిగా ఉండి, పిల్లాడు డీలా పడితేనే తీయాలి, గడియారం చూసి కాదు, హారన్ విని అస్సలు కాదు. హారన్ వినపడ్డాక పది నిమిషాలు ఏమీ చూడకుండా ఉండటం మొదటి వారం పని. ఆ పది నిమిషాలూ నరకమంది. తర్వాత అరగంట, తర్వాత పడుకునేదాకా. అర్ధరాత్రి లేచి చూడటం అన్నిటికంటే ఆలస్యంగా పోయింది.

భాస్కర్ రోజూ పొద్దున్నే పడవల సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. ఇవాళ లేవు అంటే లేవు. మొదట ఒప్పుకోలేదు, చెబితే ఏడుస్తుందన్నాడు. ఏడ్చినా పరవాలేదు, మీరు దాచారని తెలిసినప్పుడు ఆమె మిమ్మల్ని కూడా నమ్మలేకపోతోంది, ఇప్పుడు ఆమెకి నమ్మదగ్గ మనిషి అక్కడ మీరొక్కరే అన్నాను.

అన్నిటికంటే కష్టమైంది గౌరి తల్లితో. ఫోను తీయగానే ఆవిడ మొదటి మాట ప్రతిరోజూ ఒకటే, "బాబుకి ఒంట్లో ఎలాగుంది? జ్వరం అదీ ఏమీ లేదు కదా?" ఆ మాట వినగానే కూతురు థర్మామీటర్ వెతుక్కునేది. అది మానమంటే ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నేనేటి తప్పు అడిగాను మేడమ్? మనవడి ఒంట్లో ఎలాగుందని అడక్కూడదా?" ఆవిడకి ఏదో తీసేసినట్టు ఉండకూడదు, వేరే పని ఇవ్వాలి అనిపించింది. ఆ రోజు ఆటోలో పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకున్నది ఈవిడేనని అప్పుడే తెలిసింది, ఆవిడ భయం గురించి ఎవరూ అడగలేదు. ఒక పూట అదే మాట్లాడుకున్నాం. డాక్టర్ చెప్పినవన్నీ ఆవిడకీ చెప్పాను. ఆ తర్వాత ఒప్పుకుంది: కాల్ సాయంత్రం కాదు, పొద్దున్న, నాని ఎలాగూ తెల్లారకముందే లేచి కూర్చుంటాడు. వీడియో కాదు. అమ్మమ్మ కథ చెప్పాలి, మొదటి ప్రశ్న "నిన్న ఏం ఆడుకున్నావురా?" అన్నదే. జ్వరమొస్తే గౌరే చెబుతుంది, ఆవిడ అడగనక్కర్లేదు.

ఆ తర్వాత జరిగింది చెబితే తోటి కౌన్సెలర్లకి ఆసక్తిగా ఉంటుంది. ముందు పనిచేయని ప్లానే, అక్షరం మార్చకుండా, ఇప్పుడు పనిచేసింది. అదే ఒడ్డు, అదే దీదీ, అదే అంగన్‌వాడీ. గౌరి పార్శిళ్ళు ఆపించింది. గుమ్మడికాయతో దాల్మా, అంటే ఒడియావాళ్ళ పప్పుకూర, వండి దీదీకి పంపితే, ఆవిడ దాంట్లో కొబ్బరి వేసి తిరిగి పంపిందట. ఆ ఉక్కకి చద్దన్నమే హాయి, మన పఖాళ అక్కడ బాగా కుదిరింది. నాని అంగన్‌వాడీలో హిందీ, బెంగాలీ కలిపి మాట్లాడటం మొదలుపెట్టాడు, దాంతో బరంపురంలో కొత్త కంగారు, వాడికి తెలుగు పోతుందేమోనని. పొద్దుటి కథలు దానికి కూడా సరిపోయాయి.

తర్వాత

వానాకాలం చివర్లో ఒక రాత్రి నానికి 102 జ్వరం వచ్చింది. పడవలు లేవు, భాస్కర్ నైట్ షిఫ్ట్. ఫిట్స్ రాలేదు. గౌరి తడిగుడ్డతో తుడిచి, డాక్టర్ రాసిచ్చిన మోతాదులో సిరప్ పోసి, స్ప్రే పక్కన పెట్టుకుని, దీదీని లేపి, తెల్లారేదాకా మేలుకునే ఉంది. పొద్దున ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళింది, గొంతు ఇన్‌ఫెక్షన్. నాకు ఫోన్ చేసింది మర్నాడు. రాత్రంతా వణికానంది. ఎందుకు చేయలేదని అడగలేదు, నాతో పని పడలేదని అర్థమైంది.

తల్లి పట్టుబట్టడంతో మధ్యలో కొన్నాళ్ళు బరంపురం వచ్చి వెళ్ళింది. ఇక్కడ బాగానే ఉంది కాబట్టి ఇక్కడే ఉంచేద్దామన్నారు పెద్దవాళ్ళు. ఊరు మారగానే కుదుటపడటం చూసి ఊరే కారణమనుకోవడం సహజమే, కాని గౌరి కేసులో ఊరితో పాటు ఆసుపత్రి దూరం కూడా మారింది. ఆ సంగతి ఇంట్లో అందరి ముందూ గౌరే చెప్పింది, తిరుగు టికెట్ కూడా తనే బుక్ చేసుకుంది.

ఇప్పుడు దూరప్రాంతానికి వెళ్ళే కుటుంబం ఏది వచ్చినా, మొదటి మాటల్లోనే పిల్లలకి ఇంతవరకు వచ్చిన పెద్ద జబ్బు ఏది, అప్పుడు ఆసుపత్రికి ఎంతసేపట్లో చేరారు, ఆ రోజు ఇంట్లో ఎవరున్నారు, ఎవరు లేరు అని అడుగుతున్నాను. జవాబు చెప్పేటప్పుడు భార్యాభర్తల కథలు వేరువేరుగా ఉంటే అక్కడ ఆగుతాను. రోజు గడిచే తీరు గంటల వారీగా చెప్పించడం కూడా ముందే చేస్తున్నాను.

నైట్ షిఫ్ట్ రాత్రులు గౌరికి ఇంకా పూర్తిగా తేలిక కాలేదు. రెండో బిడ్డ గురించి ఇద్దరూ ఆలోచిస్తున్నారు, కాన్పు ఎక్కడ అన్నది తేలడం లేదు. నెలలు నిండేవేళకి ద్వీపంలో ఉండకూడదని ఆరోగ్య కేంద్రం డాక్టర్ గట్టిగానే చెప్పారు. పోర్ట్ బ్లెయిర్‌లో గది తీసుకుని తల్లిని అక్కడికే రప్పించుకోవాలని గౌరి అంటోంది, బరంపురం వచ్చేయమని తల్లి అంటోంది. బరంపురమే అయితే విమానం ఎక్కనిచ్చే నెలల్లోనే బయల్దేరాలి, అది వానల్లో పడితే పడవ దొరకని రోజులు కూడా కలుపుకుని లెక్క వేసుకోవాలి. వచ్చే వారం ముగ్గురితో కలిసి ఆ లెక్కే వేయబోతున్నాం.